‘వచ్చెయ్’ అని నేనిచ్చిన సలహా

నా స్నేహితురాలు నాకు మొదట చెప్పింది దెబ్బల గురించి కాదు, బస్సు టికెట్ల గురించి. ఆఫీసు నుంచి ఇంటికి చేరగానే టికెట్టు భర్తకి చూపించాలట. దాని మీద టైము ఉంటుంది కదా. బస్సు దిగాక ఇంటికి ఏడు నిమిషాల నడక. పదిహేను పట్టిందంటే ఆ ఎనిమిది నిమిషాలకీ లెక్క చెప్పాలి. ఇదంతా తను నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. "నువ్వంటే ఎంత ప్రాణమే అతనికి" అని ఆటపట్టించాను కూడా.

ఆ తర్వాత ఏడాదిన్నర దాకా తను నా దగ్గర ఇంటి సంగతి ఎత్తలేదు. ఎందుకు ఎత్తడం లేదన్నది నాకు తట్టనే లేదు. మళ్ళీ నోరు విప్పింది చెంప కమిలిన రోజునే. అప్పుడు మాత్రం నేను మహా చురుగ్గా ఉన్నాను. "ఇంకా ఆ ఇంట్లో ఏం చేస్తున్నావు? రేపే వచ్చెయ్, మా ఇంట్లో ఉందువుగాని" అన్నాను. రాలేదు. వారం ఆగి మళ్ళీ అన్నాను. రాలేదు. ఇక ఉండబట్టలేక నేనే అతనికి ఫోన్ చేసి కడిగి పారేశాను. పెద్ద ధైర్యమే చేశాననుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అదే రాత్రి తన ఫోన్ అతని చేతికి పోయింది. తర్వాత ఎనిమిది నెలలు తన గొంతు వినలేదు.

మళ్ళీ కలిసినప్పుడు తను అన్న మాట ఇది: "అతను చెప్పినట్టు వినాలి, నువ్వు చెప్పినట్టూ వినాలి. మధ్యలో నాకేం కావాలో ఎవరైనా అడిగారటే?"

అప్పటినుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను, ఈ పనిలో ఉన్నవాళ్ళతో మాట్లాడాను. చదివేకొద్దీ తన ప్రశ్నే సరైనదని తేలింది. హింస మొట్టమొదట లాక్కునేది సొంతంగా నిర్ణయించుకునే హక్కుని. సాయం పేరుతో మనం ఇచ్చే ఆజ్ఞలు కూడా లాక్కునేది దాన్నే.

గృహహింస అనగానే మనకు కమిలిన కన్నో, విరిగిన చెయ్యో గుర్తొస్తుంది. అవి కనబడకపోతే ‘ఏ సంసారంలో గొడవల్లేవు’ అని తేల్చేస్తాం. 1980ల్లో అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ నగరంలో, హింస అనుభవించిన స్త్రీలను సమావేశపరిచి మీ ఇళ్ళలో ఏం జరుగుతుందో చెప్పమని అడిగారు. వాళ్ళు చెప్పినవాటితో ఒక చక్రం బొమ్మ గీశారు. ఎన్నో దేశాల్లో ఈ పనిలో ఉన్నవాళ్ళు ఇప్పటికీ వాడే బొమ్మ అది. ఇరుసు దగ్గర రాసిన మాటలు రెండే: అధికారం, అదుపు. ఆకుల మీద భయపెట్టడం, అందరికీ దూరం చేయడం, డబ్బు చేతికందనివ్వకపోవడం, పిల్లలను అడ్డం పెట్టుకోవడం, చేసిందంతా చేసి ‘అసలేమైందని, నీదే అతి’ అనడం. కొట్టడమూ లైంగిక హింసా చక్రం చుట్టూ అంచున ఉంటాయి, బండి చక్రానికి బిగించిన ఇనుప పట్టాలాగా. ఆకులు ఊడిపోకుండా పట్టి ఉంచేది ఆ పట్టాయే. ఏడాదికి ఒక్కసారి కొడితే చాలు, మిగిలిన 364 రోజులూ కనుబొమ్మ ఎగరేస్తే పని జరిగిపోతుంది.

బస్సు టికెట్టు ఆ ఆకుల్లో ఒకటి. నేను దాన్ని ప్రేమ అనుకున్నాను.

ఇవాన్ స్టార్క్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త దీన్ని బలవంతపు నియంత్రణగా చూశాడు. దెబ్బలను విడివిడిగా లెక్కపెడితే అసలు నేరం కళ్ళకు కనబడదనీ, ఇది మనిషి స్వేచ్ఛ మీద జరిగే నేరమనీ అతని వాదన. ఇంగ్లండు, వేల్స్‌లలో 2015లో వచ్చిన చట్టం ఇలాంటి నియంత్రణనే నేరంగా చేసింది, ఒంటి మీద ఒక్క దెబ్బ పడకపోయినా సరే. అంతకు పదేళ్ళ ముందే భారతదేశంలో 2005 గృహహింస చట్టం శారీరక హింసతో పాటు లైంగిక, మాటల-మానసిక, ఆర్థిక హింసలను కూడా హింస అనే నిర్వచనంలోకి తెచ్చింది. ‘చెయ్యి చేసుకోలేదుగా’ అనేవాళ్ళకి చట్టం ఎప్పుడో జవాబు చెప్పేసింది. మనమే వినలేదు.

ఇక ‘కోపం వస్తే మనిషి కాడు గానీ, మిగతా టైంలో బంగారం’ అనే మాట. ఎన్నిసార్లు విన్నానో! ఆ కోపం పొద్దున పైఅధికారి అందరి ముందూ తిట్టినప్పుడు ఎక్కడికి పోయింది? అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషే ఇంటి తలుపు వేశాక చెయ్యెత్తుతాడు. విసిరికొట్టేది ఆమె ఫోనే, తనది ఎప్పుడూ పగలదు. దెబ్బలు పడేది చాలాసార్లు బట్టలు కప్పే చోటే. ఇంత లెక్కగా వచ్చేదాన్ని అదుపు తప్పడం అని ఎలా అంటాం? తాగుడు సంగతీ అంతే. అది హింసను ముదరబెడుతుంది, కాదనను. కానీ తాగేవాళ్ళంతా కొట్టరు, కొట్టేవాళ్ళంతా తాగరు.

నిజంగా మనల్ని తికమకపెట్టేది ఆ ‘బంగారం’ భాగమే. లెనోర్ వాకర్ అనే మనస్తత్వవేత్త 1979లో దీన్ని ఒక చక్రంగా వివరించింది: ముందు ఇంట్లో టెన్షన్ పెరుగుతుంది, తర్వాత పేలుతుంది, ఆ తర్వాత కన్నీళ్ళు, క్షమాపణలు, కానుకలు. కొన్నాళ్ళకి మళ్ళీ టెన్షన్. అందరి ఇళ్ళలో ఇదే వరసలో జరగదు. కొందరికి ఆ క్షమాపణల దశ ఎప్పటికీ రాదు. వచ్చినవాళ్ళకి మాత్రం ఆ మంచి రోజులే అతి బలమైన సంకెళ్ళు. నా స్నేహితురాలు అనేది: "మొదట్లో ఉన్న మనిషి మళ్ళీ వస్తాడేమోనని ఎదురుచూశానే." నేనది అమాయకత్వం అనుకున్నాను. ఒకప్పుడు నిజంగా చూసిన మనిషి కోసం ఎదురుచూడటం అమాయకత్వం ఎలా అవుతుంది?

‘అంత బాధైతే ఎందుకు పడి ఉంది’ అనే ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది: గడప దాటితే ప్రమాదం తీరిపోతుందని. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, మరికొందరు కలిసి అమెరికాలోని 11 నగరాల్లో, భాగస్వామి చేతిలో హత్యకు గురైన స్త్రీలనీ, హింస అనుభవించి బతికి ఉన్న స్త్రీలనీ పోల్చి చూశారు. 2003లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, విపరీతంగా అదుపు చేసే మనిషితో కలిసి బతికి, ఆ తర్వాత విడిపోయిన వాళ్ళకి హత్య ప్రమాదం సుమారు 9 రెట్లు ఎక్కువ. అతని చేతికి తుపాకి అందుబాటులో ఉంటే 5 రెట్లకు పైగా. అదుపే అతని లక్ష్యమైతే, ఆమె వెళ్ళిపోవడమంటే ఆ అదుపు పూర్తిగా జారిపోవడమే. చేయగలిగిన ఘోరమంతా ఆ వారాల్లోనే చేస్తాడు. ఈ సంగతి ఆమెకి ఏ పరిశోధన చదవకుండానే తెలుసు, అతన్ని ఆమె చూసినంతగా ఎవరూ చూడలేదు కాబట్టి. ‘రేపే వచ్చెయ్’ అన్న నాకే తెలియదు.

అందుకని వెళ్ళకూడదని కాదు నేననేది. వెళ్ళడమంటే ఒక ప్లాన్, కొన్నిసార్లు నెలల తరబడి రహస్యంగా వేసుకోవలసిన ప్లాన్. ఆవేశంలో గడప దాటిన కొందరు క్షేమంగానే ఉన్నారు. దాటినా బయట నిలవలేక అదే ఇంటికి తిరిగి వెళ్ళినవాళ్ళు ఇంకా ఎక్కువమంది. ఒకటికి నాలుగుసార్లు వెళ్ళి, తిరిగొచ్చి, చివరికి బయటపడటం మామూలే. రెండోసారి తిరిగి వెళ్ళినప్పుడు మనం విసుక్కుంటాం చూడండి, సరిగ్గా అక్కడే చాలామంది తోడు కోల్పోతారు.

ఒక్క విషయం దగ్గర కాస్త ఆగాలి. పీక పట్టుకోవడం. ‘కొట్టలేదు, గొంతు పట్టుకున్నాడంతే’ అని ఆడవాళ్ళే తేలిగ్గా చెబుతారు, ఎందుకంటే చాలాసార్లు పైకి మచ్చ కూడా పడదు. కానీ అంతకుముందు భాగస్వామి ఒక్కసారైనా గొంతు నులిమి ఉంటే, తర్వాత అతని చేతిలోనే హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు 7 రెట్లు పెరుగుతుందని 2008లో వచ్చిన మరో అధ్యయనం తేల్చింది. ఒంటికి జరిగే హాని వేరే. మెడలోని రక్తనాళం లోపల చిరిగితే, కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, కళ్ళలో ఎర్రటి చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, ఇందులో ఏది ఉన్నా, ఏదీ లేకపోయినా డాక్టరుకి చూపించుకోవాలి. ‘పీక నొక్కాడు’ అని ఆ మాటే వాడి చెప్పాలి. గొంతు నొప్పి అంటే మందు రాసిచ్చి పంపేస్తారు. చంపుతానని బెదిరించడం, గర్భంతో ఉండగా కొట్టడం, వెళ్ళినచోటికల్లా వెంటాడటం, ‘నువ్వు పోతే నేను చస్తా’ అనడం కూడా ఈ కోవలోవే. ఇవి వింటే ‘అంత పని చెయ్యడులే’ అని ధైర్యం చెప్పకండి. చేసినవాళ్ళ గురించి కూడా అందరూ అలాగే అనుకున్నారు.

లైంగిక దాడి గురించి రాయాలంటే నాకు ఇంకా చెయ్యి వణుకుతుంది. ఈ మాట వినగానే చీకటి, ముక్కూమొహం తెలియని మనిషి గుర్తొస్తాయి మనకి. చాలాసార్లు ఆ మనిషి తెలిసినవాడే, ఎన్నోసార్లు ఇంట్లోవాడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన అంచనా ప్రకారం, ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరు భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింసనో, మరెవరి చేతిలోనైనా లైంగిక హింసనో అనుభవించారు. సంఖ్యలో చెబితే సుమారు 73 కోట్ల 60 లక్షల మంది. వీటిలో పెద్ద వాటా భాగస్వాములదే.

పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ప్రతి రాత్రికీ ముందే ఒప్పుకున్నట్టు కాదని ఇంగ్లండు అత్యున్నత న్యాయస్థానం చెప్పింది 1991లోనే, అంటే మరీ అంత పాత సంగతేమీ కాదు. భారతదేశపు శిక్షా చట్టమైన భారత న్యాయ సంహితలో, అత్యాచార నేరం నుంచి భర్తకు మినహాయింపు ఇప్పటికీ మిగిలే ఉంది. అయినా అదే దేశంలో గృహహింస చట్టం కింద, భర్త చేసిన లైంగిక హింసకు కూడా రక్షణ ఉత్తర్వులు అడగొచ్చు. ఈ తేడా తెలియక ‘చట్టమే ఒప్పుకోదట’ అని ఊరుకున్నవాళ్ళు నాకు తెలుసు.

‘ఎందుకు అరవలేదు? ఎందుకు తోసెయ్యలేదు?’ ఈ ప్రశ్నకి జవాబు ఒంటిలోనే ఉంది. ప్రాణభయం మితిమీరినప్పుడు శరీరం కొయ్యబారిపోతుంది. అరవాలని ఉన్నా గొంతు పెగలదు, చెయ్యి లేవదు. స్వీడన్‌లో అత్యాచారం తర్వాత అత్యవసర చికిత్సా కేంద్రానికి వచ్చిన 298 మంది స్త్రీలను అడిగితే, 70 శాతం మంది ఆ సమయంలో గణనీయంగా కొయ్యబారిపోయామని చెప్పారు. 2017లో వచ్చిన అధ్యయనం ఇది. ప్రతిఘటించకపోవడం ఒప్పుకోవడం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? జ్ఞాపకం కూడా ముక్కలు ముక్కలుగా మిగులుతుంది. గోడ మీది గడియారం గుర్తుంటుంది, ఏది ముందు జరిగిందో గుర్తుండదు. చెప్పిన ప్రతిసారీ వరస మారితే అబద్ధమంటారు. నిజానికి భయంలో దాచిన జ్ఞాపకం అలాగే ఉంటుంది.

జరిగిన వెంటనే ఉపయోగపడేవి కొన్ని ఉన్నాయి. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, ఎలాగైనా 72 గంటల లోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్రలు 5 రోజుల వరకు పనిచేస్తాయి, అవీ ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. సాక్ష్యం భద్రపరచాలనుకుంటే పరీక్ష అయ్యేదాకా స్నానం చెయ్యకపోవడం, బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టడం మంచిది. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి సాక్ష్యం పాడవుతుంది. స్నానం చేసేసి ఉంటే? అయినా వెళ్ళండి. మొదట అందరికీ అనిపించేది కడిగేసుకోవాలనే. అందులో మీ తప్పేమీ లేదు, వైద్యం అప్పటికీ అవసరమే. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆ రోజే తేల్చుకోనక్కర్లేదు. భారతదేశంలో ఐతే ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ వెంటనే ఉచితంగా చికిత్స చేసి తీరాలని చట్టం చెబుతోంది. పోలీసులకు కబురు ఆసుపత్రే పంపుతుంది, ఆ సంగతి ముందే తెలిసి ఉంటే కంగారు పడరు.

మగవాళ్ళూ బాధితులవుతారు, పిల్లలూ అవుతారు, స్వలింగ జంటల్లోనూ ఇదే అదుపు ఉంటుంది. మగవాడు చెప్పుకుంటే నవ్వుతారనే భయంతో ఇంకా ఎక్కువ దాస్తాడు. నాకు దగ్గరగా తెలిసింది ఒక స్త్రీ కథ కాబట్టి ‘ఆమె’ అని రాస్తున్నాను.

ఇప్పుడు మన సంగతి. మన దగ్గరికి వచ్చి చెప్పుకున్నప్పుడు ఏం చెయ్యాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య సిబ్బంది కోసం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి మెట్టు వినడం. తర్వాత ఆమెకి ఏం అవసరమో అడగడం, నమ్ముతున్నానని చెప్పడం, ప్రమాదం ఎంతుందో ఆమెతో కలిసి ఆలోచించడం, సాయం దొరికే చోటికి దారి చూపడం. నేను మూడు మెట్లు ఎగిరి దూకి నాలుగో దాని మీద బోర్లా పడ్డాను. ఆమె భయాన్ని పక్కనపెట్టి నా కోపాన్ని తీర్చుకున్నాను. మీ కోపం ఎంత న్యాయమైనదైనా అతనికి ఫోన్ చెయ్యకండి. మీరు పెట్టేశాక ఆ ఇంట్లో ఉండేది మీరు కాదు.

ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం కూడా అలాంటిదే. అతని ముందు ఆమె నిజం చెప్పలేదు, చెబితే ఇంటికెళ్ళాక దానికి వేరే లెక్క ఉంటుంది. సంసారం మీద బెంగతోనే చేస్తారు ఈ పని, అదే బాధ. ‘ఇద్దరిదీ తప్పు ఉంటుంది’ అనే మాట మాత్రం నాకు బొత్తిగా పడదు. ఒకరు మాటకి మాట అన్నారు, ఇంకొకరు పక్కటెముక విరగ్గొట్టారు. ఇవి సమానం ఎలా అవుతాయి?

"నువ్వు చెప్పేది నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు లేదు. నీకేం కావాలి?" ఈ మూడు మాటలు చాలు మొదటిరోజుకి. మూడో దానికి ‘ఏమీ వద్దు, ఊరికే విను’ అన్నా అది జవాబే. ఆమె ప్రాణానికి ఇప్పటికిప్పుడు ముప్పు ఉన్నప్పుడూ, పిల్లల మీద చెయ్యి పడుతున్నప్పుడూ ఈ ఓపిక లెక్క మారుతుంది. అప్పుడు అత్యవసర నంబరే. భారతదేశంలో 112, మహిళల హెల్ప్‌లైన్ 181. అమెరికాలో గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233, ఇంగ్లండులో 0808 2000 247. ఇవి బాధితుల కోసమే అనుకుంటారు గానీ, పక్కనున్నవాళ్ళు ఏం చెయ్యాలో అడగడానికి కూడా చెయ్యొచ్చు. నేను ఆ రోజు అతనికి బదులు ఇలాంటి నంబరుకి చేసి ఉండాల్సింది.

ప్లాన్ అంటే పెద్ద రహస్య ఆపరేషనేమీ కాదు. గుర్తింపు కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాల నకళ్ళు ఇంకొకరి దగ్గర. కొంచెం డబ్బు, రోజూ వేసుకునే మందులు, ఒక తాళంచెవి. గొడవ మొదలవుతుంటే వంటగదిలోకీ, బయటికి దారిలేని గదిలోకీ వెళ్ళకుండా చూసుకోవడం. పక్కింటివాళ్ళతో ఒక గుర్తు మాట. ఫోన్ విషయంలో చాలా జాగ్రత్త. లొకేషన్ అతనికి వెళ్తోందని తెలిసి హఠాత్తుగా ఆపేస్తే, ఆపడమే అతనికి కబురు. వెతికిన పేజీలు కూడా అంతే, మొత్తం హిస్టరీ తుడిచేస్తే ఖాళీగా ఉండటమే అనుమానం తెస్తుంది. అతని చేతికి అందని వేరే ఫోన్ నుంచి మాట్లాడటం మేలు. మాట్లాడే వీలే లేనివాళ్ళ కోసం 2020లో కెనడాలోని ఒక మహిళా ఫౌండేషన్ చేతి సంజ్ఞ ఒకటి తెచ్చింది: అరచెయ్యి చూపించి, బొటనవేలు లోపలికి మడిచి, దాని మీద మిగతా వేళ్ళు మూసెయ్యడం. వీడియో కాల్‌లో ఎవరైనా అలా చేస్తే అక్కడే ‘ఏమైంది’ అని అడగకండి. అతను పక్కనే ఉండొచ్చు. అవును, కాదు అనే మాటలతో జవాబు చెప్పగల ప్రశ్నలు తర్వాత వీలు చూసుకుని అడగాలి.

ఎనిమిది నెలల తర్వాత కలిసిన ఆ రోజు, తన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక, చాలాసేపటికి అడిగాను: "సరే, నీకేం కావాలే?"

"ఒక బ్యాగు ఇస్తాను, దాచు. లోపలేముందని అడక్కు. ఎప్పుడొస్తానని అడక్కు."

దాచాను. రెండుసార్లు వచ్చింది, ఏవో కాగితాలు పెట్టి వెళ్ళింది. ఒకసారి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయి, పది రోజులకి మళ్ళీ తెచ్చి అదే చోట పెట్టింది. నేనేమీ అనలేదు. నోరు ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు.

పదకొండు నెలలకి ఒక మధ్యాహ్నం వచ్చింది. టీ తాగుతావా అంటే తాగింది. బ్యాగు భుజాన వేసుకుని, "కొత్త నంబరు నేనే ఇస్తాను, నాకు ఇవ్వాలనిపించినప్పుడు" అంది. సరే అన్నాను. ఎక్కడికని అడగలేదు.

ఆ నంబరు ఇంకా రాలేదు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఈమధ్య ఒక్కటీ వదలడం లేదు నేను. ఎక్కువగా లోన్ కావాలా అని అడిగేవే వస్తున్నాయి.